గ్రంథకర్తయే ప్రకాశకుడైనప్పుడు



సొంత సొమ్ము వెచ్చించి పుస్తకము నచ్చువేయించువారు మన గ్రామములకు క్రొత్తవారు కారు. ఉద్యోగము విరమించిన ఉపాధ్యాయు డొకడు శతకము వ్రాయును. వైద్యము తెలిసిన వృద్ధు డొకడు తన యనుభవములను కూర్చును. వేరొకడు ఊరి దేవాలయ చరిత్రమును, చెరువుల పుట్టుపూర్వోత్తరములను ప్రోగుచేయును. పట్టణములోని ప్రకాశకులు వానిని చేపట్టరు. అందుచేత గ్రంథకర్తయే కూడబెట్టిన సొమ్ముతోనో, అప్పుచేసియో అచ్చొత్తించును. ఐదువందల ప్రతులు కట్టలుకట్టలుగా ఇంటికి వచ్చును. అటుపిమ్మట వాని గతి యేమి? నూరు ప్రతులు బంధుమిత్రులకు పంచిపెట్టుట, తక్కినవి అటకమీద చెదలకు విడిచిపెట్టుట. ఈ దుర్గతికి కారణమేమో, దానిని తప్పించుటకు మనము చేయదగిన దేమో ఈ ప్రసంగమున మనవి చేయుదును.

అచ్చు లేని కాలమున కావ్యము రాజసభలో చదువబడెడిది. కృతిభర్త పేరే కృతికి ప్రచారము. సభలో విన్న పండితులు పోయినచోటనెల్ల దానిని గూర్చి చెప్పుకొనెడివారు. అయినను రాజుల యండ లేనంతమాత్రమున మంచి కావ్యము మాసిపోలేదు. పోతనామాత్యుడు భాగవతమును ఏ రాజునకును గాక శ్రీరామునకే అంకితమొనర్చెను. దానిని ఊరూరికిని చేర్చినవి పురాణకాలక్షేపములు, వీధిబడులు, ఇంటింటి తల్లుల నోళ్లు. ఈ సంగతిని మీరు మనసున నుంచుకొనవలెనని కోరుచున్నాను.

అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట రాజసభ యున్న చోటికి పత్రిక వచ్చెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో 'వివేకవర్ధని' పత్రికను స్థాపించిరి. వారి 'రాజశేఖర చరిత్రము' 1878లో ఆ పత్రికయందు భాగములుగా వెలువడి, 1880లో పుస్తకరూపము దాల్చెను. అనగా పుస్తకము పుట్టకమునుపే దానికి పాఠకు లుండిరి. పత్రిక తన చేత నున్నవానికి ఈ సదుపాయము కలదు. లేనివాడు పరుల పత్రిక వాకిట నిలువవలసినదే.

ఆ వాకిటిలోపల నేమి జరుగునో నేను కొంత చెప్పగలను. ఏలయన, కొంతకాలము ఒక పత్రికకు పుస్తకసమీక్షలు వ్రాసితిని. సమీక్షకై రెండు ప్రతులు పంపవలెనని నియమము. వారమునకు డజనుకు పైగా పుస్తకములు బల్లమీదికి వచ్చెడివి. వాని కేర్పడిన చోటు నాలుగింటికే చాలెడిది. ముందుగా చేతికి వచ్చునది పేరున్న రచయిత గ్రంథము. తరువాత పేరున్న ప్రచురణ సంస్థ గ్రంథము. తక్కినవాని పేరు, వెల, చిరునామా 'స్వీకృతి' అను శీర్షిక క్రింద చిన్న యక్షరములతో పడెడివి. అవియు చోటున్నప్పుడే.

దీనికి సంపాదకుల దుర్బుద్ధి కారణమని నేను తలపను. అప్పు అడుగ వచ్చినవానిని మనమెట్లు చూతుము? ముఖపరిచయము లేనప్పుడు పూచీదారు డెవడని యడుగుదుము గదా! ప్రచురణ సంస్థ గ్రంథమునకు పూచీదారువంటిది. "ఇది చదివితిమి, ఎన్నుకొంటిమి, మా సొమ్ము పెట్టితిమి" అని అది చెప్పక చెప్పుచున్నది. సొంతముగా ప్రకటించుకొన్నవానికి ఆ పూచీ చెప్పువాడు లేడు. గ్రంథము మంచిదో చెడ్డదో చదివినగాని తెలియదు; చదువుటకు తీరిక లేదు. ఈ రెంటి నడుమ మంచిదియు చెడ్డదియు ఒక్క కట్టలోనే మూలపడును.

పూచీ దొరకనప్పుడు గ్రంథకర్తలు దానిని కల్పించుకొనజూతురు. మన పుస్తకములు తెరచి చూడుడు. ఒక పీఠిక, రెండు ముందుమాటలు, అరడజను అభిప్రాయములు గడచినగాని మొదటి పద్యము కనబడదు. మొగమాటముచే వ్రాసిన మెప్పును పాఠకుడు ఇట్టే పసికట్టును. ఆవిష్కరణసభ సంగతియు నట్టిదే. శాలువలు కప్పుదురు, పూలదండలు వేయుదురు. పుస్తకము చదువనివారు దానిని గూర్చి అరగంట మాటాడుదురు. మరునాడు పత్రికలో ఛాయాపటము పడును. అందు పెద్దమనుష్యుల పేర్లన్నియు నుండును. పుస్తకములో నేమున్నదో మాత్ర ముండదు.

ఈ చిక్కు మన దేశమునకే చెందినది కాదు. గాంధీమహాత్ముడు ఆదరముతో చదివిన అమెరికా రచయిత హెన్రీ డేవిడ్ థోరో 1849లో తన మొదటి పుస్తకమును సొంత ఖర్చున 1000 ప్రతులు వేయించెను. నాలుగేండ్లు గడచిన పిదప 1853లో అమ్ముడుపోని 706 ప్రతులను ప్రకాశకుడు అతని ఇంటికి త్రిప్పి పంపెను. వానిని మేడమీది గదికి తానే మోసికొనిపోయి, తన గ్రంథాలయములో ఇంచుమించు తొమ్మిదివందల పుస్తకము లుండగా ఏడువందలకు పైగా తాను వ్రాసినవే యని అతడు దినచర్యలో హాస్యముగా వ్రాసికొనెను. అట్లని కలము క్రింద పెట్టలేదు. మరుసటి యేట 1854లో అతని ప్రసిద్ధ గ్రంథము 'వాల్డెన్' వెలువడెను.

ఆ దేశమువాడే యగు వాల్ట్ విట్మన్ వేరొక మార్గము త్రొక్కెను. 1855లో పండ్రెండు కవితలతో 'లీవ్స్ ఆఫ్ గ్రాస్' అను గ్రంథమును సొంతముగా ప్రకటించి, ఒక ప్రతిని పేరుపొందిన తత్త్వవేత్త ఎమర్సన్‌కు పంపెను. ఎమర్సన్ మెచ్చుకొనుచు జాబు వ్రాసెను. విట్మన్ ఆయన యనుమతి లేకయే ఆ జాబును న్యూయార్కు పత్రికలో అచ్చువేయించెను. అంతేకాక, పేరు చెప్పక తన గ్రంథమును తానే పొగడుచు పత్రికలకు సమీక్షలు వ్రాసెను. గ్రంథము గొప్పదే, లోకము దానిని నేటికిని చదువుచున్నది. కాని ఆ యుపాయమును నేను మెచ్చను. పూచీ యనునది ఇతరులు చెప్పవలసినదే కాని, తనకు తాను చెప్పుకొన్న దానికి విలువ లేదు.

ఇంగ్లండులో బియాట్రిక్స్ పాటర్ అను నామె నడచిన త్రోవ నాకు నచ్చినది. పిల్లలకై వ్రాసిన కుందేటిపిల్ల కథను ప్రకాశకులు నిరాకరింపగా 1901లో ఆమె సొంతముగా 250 ప్రతులు మాత్రమే వేయించి, ఎరిగినవారికి అందజేసెను. 1902లో ప్రచురణ సంస్థ యొకటి దానిని ప్రకటించెను. లోకమంతట ప్రసిద్ధి కెక్కెను. అందరి యదృష్ట మట్లుండదు. కాని కొద్ది ప్రతులు, చదువుదురని తెలిసినవారి చేతికి ముందుగా నిచ్చుట అందరికిని సాధ్యమే.

నేడు అచ్చు మరింత సులభమైనది. 2007లో అమెజాన్ సంస్థ 'కిండిల్' పద్ధతిని ప్రవేశపెట్టిన పిమ్మట కాగితము లేకయే ఎవరైనను పుస్తకమును ప్రకటింపవచ్చును. కోరినన్ని ప్రతులే అచ్చువేయు యంత్రములును వచ్చినవి. అయినను చదువరికి దినమునకు గంటలు పెరుగలేదు. సంతలో అరచువారు పెరిగినకొలది ఒక్కొక్కని గొంతు వినబడుట కష్టమైనది. సొమ్ము పుచ్చుకొని పొగడువారును బయలుదేరినారు. వారి వలలో గ్రంథకర్తలు పడరాదు.

గ్రంథకర్తలు చేయదగిన పనులు కొన్ని కలవు. తొందరపడి వేయి ప్రతులు వేయింపరాదు. పుస్తకములో నేమున్నదో, ఎవరికి పనికివచ్చునో, వెల యెంతో ఒక్క కాగితమున స్పష్టముగా వ్రాసి ప్రతులతో జతపరుపవలెను. ఊరి చరిత్రము రాజధాని పత్రికకు వార్త కాకపోవచ్చును. జిల్లా పత్రికకును, దగ్గరి ఆకాశవాణి కేంద్రమునకును వార్తయే. పుస్తకమునకు వేయు ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్య మన దేశమున ఉచితముగా లభించును. 1954నాటి చట్టము ననుసరించి, ప్రకటించినవాడు ముప్పది దినములలో కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, మరి మూడు గ్రంథాలయములకును ఒక్కొక్క ప్రతి పంపవలెను. ఇది భారము కాదు, రక్ష. ఇంటి ప్రతులు చెదలుపట్టినను ఆ ప్రతి నిలుచును.

ఇక మీ వంతు. మీ ఊరివాడు వ్రాసిన పుస్తకమును ఊరకే పుచ్చుకొనక వెల యిచ్చి కొనుడు. రచ్చబండ వద్ద పది పుటలు చదివించి వినుడు. బాగున్నచో ఎందుచేత బాగున్నదో, తప్పులున్నచో ఎక్కడ నున్నవో నిర్మొగమాటముగా చెప్పుడు. ఆ మాటనే సంపాదకునకు కార్డుముక్కమీద వ్రాయుడు. పూచీదారుకై వెదకుచున్న సంపాదకునకు చదివినవాని జాబుకంటె మంచి పూచీ లేదు. 1960నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి మీరు కట్టు ఇంటిపన్నుమీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సుంకముగా చేరుచున్నవి. కావున ఆ పుస్తకమును తెప్పింపుడని శాఖా గ్రంథాలయమును అడుగు హక్కు మీకున్నది.

ఊరి చెరువు నెవరు త్రవ్వించిరో, ఏ యేట గాలివానకు ఏ వీధి కొట్టుకొనిపోయెనో ఏ ప్రచురణ సంస్థయు వ్రాయింపదు. వ్రాసినవాడు మీ పొరుగువాడే. ఆ సంగతులు నిజమో కాదో చెప్పగలవారును మీరే. మీ తరము దాటినచో ఆ మాట చెప్పుట కెవరు నుండరు. భాగవతమును నిలిపిన నోళ్లు మన పూర్వులవి. ఈ చిన్న పుస్తకములలో నిలుపదగిన వానిని నిలుపవలసిన నోళ్లు మీవి.