నీటిలో మునిగి తిరుగు మోటారు

తెరమీద ప్రాసెసరు ఉష్ణోగ్రతను చూపు అంకె కొలది నిమిషములలోనే 100 డిగ్రీల దాపునకు ఎగబ్రాకి, యంత్రము ఆత్మరక్షణార్థము మొదట తన వేగమును తగ్గించుకొని, అప్పటికిని తాపము శమింపకున్నచో తనంతట తానే ఆరిపోయినపుడు, నీటితో చల్లబరచుకొను కంప్యూటరునందు దోషమెచ్చట నున్నదో కనుగొనుటకు వ్రేళ్లకు మించిన పరికరము లేదు. ప్రాసెసరును అంటియున్న రాగిదిమ్మె చుఱ్ఱుమనుచుండగా, దానికి మూరెడు దూరమున నున్న రేడియేటరు చల్లగా నున్నచో, పంపు త్రోయగా వేడిని ఇచ్చటినుండి అచ్చటికి మోసికొనిపోవలసిన నీరు కదలుట మానినదన్న మాట.

ఈ పనికి నీటిని నియోగించుటకు కారణము దాని ఉష్ణధారణశక్తి. ఒక కిలోగ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు సుమారు 4,180 జౌళ్లు కావలెను. అంతే పరిమాణము గల గాలికంటె నీరు 3,000 రెట్లకు పైగా వేడిని తనలో ఇముడ్చుకొనగలదు. 300 వాట్ల వేడిని వెలిగ్రక్కు చిప్పుమీదుగా నిమిషమునకు ఒక్క లీటరు నీరు పారినను, ఆ నీటి ఉష్ణోగ్రత 4 డిగ్రీలకంటె కొంచెము మాత్రమే అధికముగా పెరుగును. ఐతే ఈ ఘనత యంతయు పారు నీటిదే. నిలిచిన నీటి ఉష్ణవాహకత్వము రాగిలో 600వ వంతునకైన సరిపోలదు. కావున ప్రవాహము ఆగినంతనే, వేడిని తొలగించుటకై పెట్టిన నీరే వేడికి అడ్డుపడి నిలుచును.

పెద్ద యంత్రములను నిర్మించినవారికి ఇది చిరకాలముగా తెలిసిన సంగతియే. ఐబిఎం సంస్థ 1980లో ప్రకటించిన 3081 అను యంత్రమున, నూరింటికి పైగా చిప్పులను ఒక్క పింగాణి ఫలకముపై అమర్చి, ప్రతి చిప్పునకును స్ప్రింగు అదిమిపట్టిన చిన్న పిస్టనును తాకించి, నడిమి సందులను హీలియము వాయువుతో నింపి, పైనుండి చల్లని నీటిని పారించిరి. 1990 దశకమున మితవిద్యుత్తుతో పనిచేయు సీమాస్ చిప్పులు వచ్చి నీటిగొట్టములకు కొంతకాలము సెలవిచ్చినవి. ఆ దశకాంతమున, ఇండ్లలోని కంప్యూటర్లను పరిమితికి మించిన వేగముతో నడుపగోరిన ఔత్సాహికులు నీటిని మరల ఆశ్రయించినపుడు, వారికి అంగడిలో తగిన పంపు దొరకక, జర్మనీకి చెందిన ఐహైమ్ సంస్థ చేపలతొట్లకై చేయు పంపును, మోటారుకారు హీటరులోని రేడియేటరును తెచ్చి జతపరచుకొనిరి. ఇంటి కరెంటుతో నడచు పంపును నీటితో సహా కంప్యూటరు పెట్టెలో దూర్చిన ఆ సాహసమును తలచుకొన్నచో నేటికిని ఒడలు జలదరించును.

పంపు మూలసూత్రము అంతకంటె మిక్కిలి ప్రాచీనము. చక్రము నడుమ ప్రవేశించిన నీటిని రెక్కలతో గిరగిర త్రిప్పి అంచునకు విసరివేయు అపకేంద్ర పంపులో, రెక్కలు తిన్నగా నుండుటకంటె వంకరగా నుండుట మేలని 1851 నాటి లండను మహాప్రదర్శనమున జాన్ ఆపోల్డ్ నిరూపించెను. తిన్నని రెక్కల చక్రము తాను గ్రహించిన శక్తిలో నాలుగవ వంతును మాత్రమే నీటికి అందింపగా, అతని వంకర రెక్కల చక్రము దాదాపు మూడింట రెండు వంతులను అందించెను. కాని రెక్కలను త్రిప్పు ఇరుసు మోటారునుండి నీటిలోనికి పోవుచోట రంధ్రము తప్పదు. రంధ్రమున్నచోట నేటికో రేపటికో కారుటయు తప్పదు.

ఈ చిక్కును విప్పినది అయస్కాంతము. రెక్కలతో జతపడిన అయస్కాంతపు రోటరును నీటిలోనే ఉంచి, తీగచుట్టలను నీరు చొరని గోడకు ఆవల ఉంచి, వాటిలోని విద్యుత్ప్రవాహమును క్రమముగా మార్చుచున్నచో, ఇరుసు గోడను దాటనక్కరలేకయే రోటరు తిరుగును. జర్మన్ ఇంజనీరు నికొలాస్ లైంగ్ ఈ ఊహను ఇంకొక మెట్టు పైకి కొనిపోయి, రోటరునకు అర్ధగోళాకృతిని కల్పించి, పొడవైన ఇరుసునే తొలగించి, దానిని ఒక్క చిన్న గుండుమీద నిలిపెను. ములుకుమీది బొంగరమువలె అది ఆ గుండుపై తిరుగుచుండును. కొంత అరుగుదల కలిగినను అయస్కాంతాకర్షణ దానిని మరల గుండునకే అదిమి కుదురుపరచును. ఇండ్లలో వేడినీటిని త్రిప్పుటకును, సౌరతాపకములకును ఉద్దేశింపబడిన ఈ వంశమున పుట్టిన డి5 అను 12 వోల్టుల పంపు, నిమిషమునకు 1,800 మొదలు 4,800 చుట్లవరకు ఐదు వేగములతో నడచుచు, కంప్యూటరు ఔత్సాహికుల అభిమానమును చూరగొన్నది. లైంగ్ సంస్థ 2009లో ఐటిటికిని, 2011లో దానినుండి విడివడిన జైలెమ్‌కును దక్కినను, వాడుకరుల నోట పంపు పేరు డి5గానే నిలిచినది.

ఈ రోటరునకు నూనె పోయు పని లేదు. అది త్రోయు నీరే దానికి కందెన. నీటిమట్టము తగ్గి రోటరు పొడిగా తిరిగినచో, గుండును, అది ఇమిడియుండు గుంటయు త్వరలోనే చెడును. మెత్తని ప్లాస్టిక్ ట్యూబులనుండి కాలక్రమమున విడివడు మృదుకారకము తెల్లని జిగురై రెక్కల నడుమ పేరుకొనును. రాగిదిమ్మెతో అల్యూమినియము రేడియేటరును ఒకే నీటిలో కలిపిన లోభి తెలియకయే ఒక విద్యుద్ఘటమును నిర్మించినవాడగును. అల్యూమినియము కొంచెము కొంచెముగా తినివేయబడి, దాని మడ్డి ప్రవాహములో తిరుగును. నాచు సంగతి చెప్పనక్కరలేదు. నాకు తోచినంతలో పంపులు తమ రోగముచే చచ్చుట తక్కువ, నీటి రోగముచే చచ్చుటయే ఎక్కువ. పాత నీటిని పరీక్షింపక క్రొత్త పంపును బిగించువాడు ఇంకొక పంపునకును ధర చెల్లింప సిద్ధపడవలెను.

పంపు పోయినదని తీర్మానించుటకు ముందు తీగలను చూచుట యుక్తము. ఒక్కొక్క చుట్టునకు రెండు స్పందనల చొప్పున అది మదరుబోర్డుకు తన వేగమును తెలుపుచుండును; ఆ లెక్క సున్నయైనచో ప్లగ్గు వదులై యుండవచ్చును, లెక్క యుండియు ప్రవాహము లేకున్నచో రెక్కల నడుమ గాలి చిక్కుకొని యుండవచ్చును. నిజముగా ఆగినదని తేలిన పిమ్మట, కరెంటు తీసి, అన్నిటికంటె పల్లమున నున్న చోటినుండి నీటిని పాత్రలోనికి దింపవలెను. డి5 పంపునకు పైమూత వేరు, మోటారు వేరు గనుక, ట్యూబులను కదల్పకయే పెద్ద మరచుట్టును విప్పి పాత మోటారును వెలికి తీయవచ్చును. రోటరు వ్రేళ్లతో లాగినంతనే అయస్కాంతపు పట్టు విడిచి చేతికి వచ్చును. గుంటలో చెత్త తప్ప వేరు లోపము లేకున్నచో, కడిగి పెట్టిన పంపు మరల బ్రతుకుటయు కలదు. క్రొత్తదానిని అమర్చునపుడు పాత రబ్బరు ఉంగరమును తిరిగి వాడరాదు.

నీటితొట్టి పంపునకు పైనుండవలెను, ఏలయన అపకేంద్ర పంపు గాలిని పీల్చి నీటిని పైకి తెచ్చుకొనజాలదు. తుప్పును, నాచును అడ్డు మందు కలిపిన స్వేదనజలమును నింపి, పవరు సప్లయి తీగలను పంపునకు తప్ప అన్నిటికిని ఊడదీసి, 24 కాళ్ల ప్లగ్గులోని ఆకుపచ్చ తీగను నల్లతీగతో కలిపి మీట నొక్కినచో, పంపు ఒక్కటే తిరుగును. తొట్టి ఖాళీ అగుచున్నంతనే ఆపి, మరల నింపి, పెట్టెను అటునిటు వంచి బుడగలను తరుమవలెను. కీళ్లక్రింద పరచిన కాగితము రాత్రి గడచినను తడియకున్నచో తక్కిన తీగలు తగిలింపవచ్చును.

డెన్మార్కుకు చెందిన ఆసెటెక్ సంస్థ ప్రచారమునకు తెచ్చిన రకమున, పంపును రాగిపలకపైననే బిగించి మూసివేసిన చల్లబరచు యంత్రములకు ఈ శస్త్రచికిత్స లేదు. అవి చవక, సులభము. ఐనను పంపు ఆగిననాడు చెడని రేడియేటరు కూడ దానితోపాటు చెత్తలోనికి పోవుట నాకు మాత్రము అన్యాయముగనే తోచును. ట్యూబుల గోడలగుండ నీరు మెల్లమెల్లగా ఆవిరియై పోగా లోపల చేరు గాలి పంపులోనికి రాకుండుటకై, అట్టివాటిలో రేడియేటరు పైకొసను పంపుకంటె ఎత్తున బిగింతురు.