కొండయాత్రకు ఇద్దరి గుడారము

కొరాపుట్, రాయగడ ప్రాంతములందు నివసించు మనకు కొండలు క్రొత్తవి కావు. మన బిడ్డలు ప్రతిదినము వానిని చూచుచునే పెరుగుచున్నారు. అయినను, మూట వీపున వైచుకొని రెండు మూడు దినములు కొండదారుల నడచి, రాత్రులు అచ్చటనే గడుపుట వేరొక విద్య. పిల్లలు గుడారము కొనుమని కోరుచున్నారనియు, ఎట్టిది కొనవలెననియు తల్లిదండ్రులు కొందరు మమ్ము అడిగిరి. మాకు తెలిసినంతవరకు ఇచ్చట విన్నవించుచున్నాము.

ముందుగా మా పొరపాటు నొకదానిని చెప్పుట న్యాయము. కొన్ని సంవత్సరముల క్రిందట, శీతకాలమున, పెద్ద తరగతుల బాలురతో దేవమాలి కొండవద్ద ఒక రాత్రి బస చేసితిమి. 1,672 మీటర్ల ఎత్తుగల ఈ దేవమాలియే ఒడిశాలో అత్యున్నత శిఖరము. బరువును వెలయు తక్కువని ఒంటిపొర గుడారములను మేమే ఎంచితిమి. ఆ రాత్రి ఒక్క చినుకైనను పడలేదు. కాని తెల్లవారునప్పటికి దుప్పట్లు తడిసి ముద్దయ్యెను. చలికి వణకుచు కూర్చున్న ఆ బాలుర ముఖములను మేము నేటికిని మరువలేదు. గుడ్డ మంచిది కాదని అమ్మినవానిని నిందించితిమి. తరువాత విచారింపగా, అది బాలుర ఊపిరినుండి పుట్టిన నీరే యని తెలిసినది.

చల్లని అద్దముపై ఊదినచో తడి యేర్పడుట మనమెల్లరము ఎరిగినదే. గుడారమునందును అట్లే జరుగును. అందుచేత రెండు పొరలు గలదానినే ఎన్నుకొనవలెను. లోపలి పొర గాలి యాడు సన్నని వలగుడ్డ. వెలుపలిది నీరు చొరని కప్పు. ఆవిరి వలను దాటి కప్పునంటి నీరై, నిద్రించువారిపై పడక, కప్పు వెంబడి క్రిందికి జారును. రెండు పొరలును ఒకదానినొకటి తాకరాదు. పైభాగమున గాలిమార్గము ఉండుట మేలు.

ఇక బరువు మాట. వీపుమీది మూట దేహపు బరువులో ఐదవవంతు మించకుండుట మంచిది. 45 కిలోల బాలునికి అది 9 కిలోలు. నీరు, ఆహారము, బట్టలు, పరుపు అన్నియు అందులోనే ఇమడవలెను. గుడారమే 4 కిలోలైనచో మిగిలినవాని కెక్కడ చోటు? 2 మొదలు రెండున్నర కిలోల వరకు గలది తగినది. ఒకరు పైకప్పును, మేకులను, వేరొకరు లోపలి పొరను, గుంజలను మోసినచో తలకు కిలో పైచిలుకు మాత్రమే. ఒకటిన్నర కిలోకు లోబడినవియు కలవు గాని, వాని వెల హెచ్చు, గుడ్డ పలుచన. పిల్లల వాడకమునకు అవి తాళవు. చెప్పెడు బరువులో మేకులు, త్రాళ్లు, సంచి చేరినవో లేదో అడిగి తెలిసికొనుడు.

"ఇద్దరికి" అని వ్రాసియున్నంతమాత్రమున నమ్మరాదు. పరుపు ఒక్కటి 50 మొదలు 60 సెంటీమీటర్ల వెడల్పుండును. కావున నేల 130 సెంటీమీటర్ల వెడల్పును, 210 సెంటీమీటర్ల పొడవును ఉండవలెను. బూట్లు, మూటలు ఉంచుటకు చిన్న వసారాయు, ఇరువైపుల వాకిళ్లును ఉన్నచో ఒకరు లేచినపుడు మరియొకరికి నిద్రాభంగము కాదు.

నీటికి గుడ్డ తాళుశక్తిని మిల్లీమీటర్లలో తెలుపుదురు. 3,000 అనగా 3 మీటర్ల ఎత్తు నీటి ఒత్తిడికి తాళునని అర్థము. పైకప్పునకు 2,000, మోకాళ్ల ఒత్తిడి పడు నేలగుడ్డకు 3,000 ఉండుట క్షేమము. కుట్లపై పట్టీ అంటించినది కావలెను. గుంజలు అల్యూమినియమువి మేలు. ఫైబరుగ్లాసువి చవకయేగాని బరువెక్కువ, చీలికలు పట్టును.

ఎంత మంచి గుడారమైనను పిడుగునుండి కాపాడజాలదు. వానకాలమున కొండశిఖరములపై బస వలదు. వాగుల దరిని వేయరాదు. లోపల పొయ్యిగాని కుంపటిగాని వెలిగించినచో విషవాయువుచే ప్రాణహాని కలుగును. తడిసిన గుడారమును మడచి దాచినచో పూత చెడిపోవును, నీడన ఆరబెట్టవలెను.

2014 మే 25వ తేదీన ఎవరెస్టు నెక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తెలంగాణ ప్రాంతపు సాంఘిక సంక్షేమ పాఠశాలల విద్యార్థులు. వారి శిక్షణ ఆరంభమైనది భువనగిరి కొండబండపైననే. మనమును ఇంటివద్దనే ఆరంభింతము. రెండు కుటుంబములు కలిసి ఒక గుడారము కొనుడు. మీ పెరటిలో పిల్లలచేతనే వేయించుడు; పైన నాలుగు బిందెల నీరు పోయుడు; ఒక రాత్రి వారిని అందు నిద్రింపనిండు. ఉదయమున దుప్పటి పొడిగా నున్నచో నిశ్చింతగా కొండకు పంపుడు. తడిసినచో, ఇల్లు పది అడుగుల దూరముననే యున్నది గదా!