కట్టుకథలు కాని కథలు

కథ యన్న చెవి కోసికొను పిల్లలే పాఠమన్నంతనే ముఖము ముడుచుకొందురు. ఇందులకు బిడ్డలను దూషించి లాభము లేదు. పాఠములోని మనుష్యులను తీసివేసి, పేర్లను సంవత్సరములను మాత్రము మిగిల్చి వల్లె వేయించుచున్నాము గదా! జరిగిన సంగతినే కథగా చెప్పిన, అది చదువును నగును, వేడుకయు నగును. ఈ మార్గము మన స్త్రీలకు క్రొత్త కాదు. భండారు అచ్చమాంబగారు (1874–1905) తమ్ముడగు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి తోడ్పాటున చదువు నేర్చి, చరిత్రలో నిజముగా నుండిన స్త్రీల జీవితములను సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను వ్రాసిరి.

అట్టి కథలకై దూరము పోనక్కరలేదు. పిఠాపురమునకు చేరువనున్న ఉప్పాడలో సముద్రము ఏటేట నేలను కోసికొనుచున్నది. ఎన్నో యిండ్లు దాని పాలయ్యెను. కాకినాడ రోడ్డు పలుమారులు తెగెను. “అమ్మా, సముద్రము మన యూరినెందుకు తినుచున్నది?” అని బిడ్డ అడిగినపుడు, “దానికి కోపము వచ్చినది” అని త్రోసిపుచ్చుట సులభమే. కాని నిజము అంతకంటె వింతగా నుండును. గోదావరి యెచటనో నాసికము చెంత పుట్టి, దారిపొడుగున ఒండ్రును ఇసుకను మోసితెచ్చి కడలిలో పోయును. అలలు ఆ యిసుకను ఉత్తరముగా నెట్టి, కాకినాడ యెదుట హోప్ ఐలాండను తిన్నెను కట్టినవి. ఆ తిన్నె పెరిగినకొలది అలల రాక మారి దెబ్బ ఉప్పాడపై పడెననియు, మనకన్నము పెట్టు ఆనకట్టలవెనుకనే ఒండ్రు నిలిచిపోవుటచే కోతపడిన తీరమునకు క్రొత్త యిసుక చేరుట తగ్గెననియు పరిశోధకులు చెప్పుదురు. భూగోళ పాఠమంతయు ఇందులోనే యున్నది!

తుపాను మాటయు నట్టిదే. 1789 డిసెంబరులో కోరంగిపై మూడు మహాతరంగములు ఒకదాని వెనుక నొకటి వచ్చి పట్టణమును ముంచినవి. ఆ వృత్తాంతమును వ్రాసిన కలకత్తావాసి హెన్రీ పిడింగ్టనే, చుట్టచుట్టుకొన్న పామును తలపించు గ్రీకు మాటనుండి ‘సైక్లోను’ అను పదమును కల్పించి 1848లో తన గ్రంథమున వాడెను. మన పొరుగూరి దుఃఖమునకును లోకమంతయు పలుకు ఆ మాటకును గల యీ చుట్టరికము పిల్లలు మరతురా?

లెక్కలకు మగ్గముండనే యున్నది. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఉప్పాడ జాందానీ చీరపై పువ్వు రెండు వైపులను ఒకే తీరుగా నుండును. పడుగుపోగు లెక్క తప్పిన బుటా వంకరపోవును.

ఒక్క జాగ్రత్త వలయును. రుచికై కల్పన చేర్చరాదు. తెలియనిచో వలవేయు తాతనో, నేత నేయు అత్తనో అడిగి చెప్పవలెను. భయపడుదురని దాచుటయు మాకు సమ్మతము కాదు. “మన యిల్లును పోవునా?” అని బిడ్డ తప్పక అడుగును. పోదని ఉత్త ధైర్యము చెప్పుటకంటె, తీరమున రాళ్లు పోసిరనియు, ఇసుక నింపిన పెద్ద గొట్టములతో గోడ కట్టిరనియు, దానినిగూడ అలలు చీల్చినవనియు, ఇంకను ఉపాయములు వెదకుచున్నారనియు ఉన్నదున్నట్లు చెప్పుట మేలు. నాటి కోరంగివారిని హెచ్చరించువారు లేరు. నేడు తుపాను రాక దినములకు ముందే తెలియుచున్నది. అంతలో ఆ రాళ్లెక్కడివని బిడ్డ మరల అడుగును. అది మరునాటి కథ.