డీలక్స్ కాయ ఎవరికి డీలక్స్?

తాడేపల్లి మండలంలోని ఉండవల్లి గుహలు చూసొచ్చినవాళ్లు రెండు రకాలుగా మాట్లాడతారు. ఐదు మీటర్లు దాటిన అనంతశయన విష్ణువు ముందు నిలబడి వచ్చినవాళ్లు, ఇంత నిండైన పని ఇంకెక్కడా చూడలేదంటారు. అట్టడుగు నుంచి పై అంతస్తు దాకా ఓపిగ్గా తిరిగినవాళ్లు, సగంలో వదిలేశారండీ అంటారు. ఇద్దరిదీ నిజమే. నాలుగు అంతస్తులుగా తొలిచిన ఆ కొండలో కింది అంతస్తూ పూర్తి కాలేదు, అన్నిటికంటే పైదీ పూర్తి కాలేదు. విష్ణుకుండినుల కాలపు పనిగా చెప్పుకునే ఆ గుహ అసంపూర్తిగా ఉందని ఎవరూ టిక్కెట్టు డబ్బులు వెనక్కి అడిగిన దాఖలా మాత్రం లేదు.

ప్రశ్న పాతదే. లోపమంటూ లేని వస్తువు నిజంగా ఉంటుందా, లేక అదంతా చూసే కళ్లను బట్టేనా? గుహ దగ్గర ఇది తేలదు. చెక్కించినవాళ్లు ఇప్పుడు లేరు, కొనేవాళ్లు ఎప్పుడూ లేరు. తేలాలంటే హైవే ఎక్కి గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లాలి. సీజన్లో అక్కడ ఈ ప్రశ్నను రోజూ, అదీ రూపాయల్లో, తేల్చి పారేస్తారు. తత్వవేత్తలకు అంత తొందర ఎప్పుడూ లేదు.

యార్డులో సరుకుకు పెట్టే పేర్లు వినడానికి బాగుంటాయి. డీలక్స్, బెస్ట్, మీడియం బెస్ట్, మీడియం. వీటన్నిటికీ కింద తాలు, అంటే రంగు పోయిన కాయ. ‘బాగాలేదు’ అనే మెట్టు ఎక్కడా లేదు. మీడియం అనగానే రైతుకు సంగతి అర్థమైపోతుంది. కొనేవాడు టిక్కీలో, అంటే మిర్చి బస్తాలో, చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీస్తాడు. రంగు చూస్తాడు, తోలు మెరుపు చూస్తాడు, ఓ కాయ విరిచి గింజ చూస్తాడు, అరచేతిలో నలిపి తేమ ఎంతుందో పసిగడతాడు. తాలు ఎంత కలిసిందో ఓ కన్నేస్తాడు. నిమిషం పని. ఆ నిమిషంలో ఏడాది కష్టానికి పేరు పడిపోతుంది.

ఇది వట్టి అభిప్రాయమే కదా అనిపిస్తుంది. కాదు. స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ అభిరుచికి కొలబద్ద ఉంటుందా అని 1757లో ఒక వ్యాసం అచ్చువేస్తూ, డాన్ క్విక్సాట్ నవలలోని ముచ్చట ఒకటి ఎత్తుకున్నాడు. ఒక పీపాలోని ద్రాక్షసారా రుచి చూసి చెప్పమని ఇద్దరిని పిలిచారు. బాగుంది గానీ కాస్త తోలు వాసన తగులుతోందని ఒకాయన అన్నాడు. బాగుంది గానీ ఇనుము రుచి తగులుతోందని రెండో ఆయన అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఇద్దర్నీ చూసి నవ్వారు. పీపా ఖాళీ అయ్యాక అడుగున తోలుతాడు కట్టిన తాళంచెవి దొరికింది. యార్డులో తలపండిన వ్యాపారి వేళ్లు ఆ బాపతే. తేమ ఎక్కువుందని ఆయన అన్న బస్తాలో మీటరు పెట్టి చూస్తే తాళంచెవి దొరుకుతుంది. (బేరం కోసం లేని తాళంచెవిని ఉందనే వాళ్లూ ఉంటారు. అది వేరే విద్య.)

అయితే తేమ, తాలు, బూజు ఇవన్నీ లోపాలు. లోపం దగ్గర జనం దాదాపు ఒక్కమాట మీద ఉంటారు. యూరప్‌కు పంపే మిర్చిలో బూజు విషం అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకాల అఫ్లాటాక్సిన్లూ కలిపి 10 మైక్రోగ్రాములు దాటకూడదు. దాటితే సరుకు వెనక్కే. అక్కడ ఎవరి దృక్పథమూ చెల్లదు.

చిక్కంతా మేలు దగ్గర వస్తుంది. తేజ కాయ చిన్నది, ఘాటైంది. కారపు సారం తీసే ఫ్యాక్టరీవాడికి అంతకంటే ఏం కావాలి? కర్ణాటక బ్యాడిగి కాయకు కారం తక్కువ, రంగు మాత్రం దండిగా దిగుతుంది. రంగు సారం తీసేవాడు దాని కోసం ఎంతైనా పెడతాడు. సన్నం రకంలో తోలు ముడతలు పడితే మన వ్యాపారి మొహం కూడా ముడతలు పడుతుంది. అదే బ్యాడిగిలో ముడతలు లేకపోతే, ఇది అసలు బ్యాడిగేనా అని అనుమానిస్తారు. ఆవకాయ పెట్టే ఇల్లాలు సారం తీసే ఈ ఇద్దరి మాటా వినదు. ఆవిడకు కారమూ కావాలి, ఎరుపూ కావాలి, ఏడాది తిరిగినా జాడీలో ఆ ఎరుపు నల్లబడకూడదు. ఒకే కాయ ఈ ముగ్గురి దగ్గరా డీలక్స్ అనిపించుకోవడం జరిగే పని కాదు.

ఇంతవరకూ వచ్చాక చాలామంది, చూశారా, అంతా చూసే కళ్లను బట్టే అని చేతులు దులుపుకుంటారు. కాస్త ఆగాలి. ‘దేనికి మేలు’ అన్న ప్రశ్నకు జవాబు మనుషుల ఇష్టం. జవాబు చెప్పాక మిగతాది ఎవరి ఇష్టమూ కాదు. రంగుకు అన్నారా, కాయను పొడి చేసి, అసిటోన్‌లో రంగు దింపి, ఆ ద్రావణం 460 నానోమీటర్ల దగ్గర ఎంత కాంతిని పీల్చుకుంటోందో చూస్తారు. అమెరికా మసాలా వర్తకుల సంఘం పేరు మీద దాన్ని ఆస్టా విలువ అంటారు. ఆ అంకెకు గుంటూరు మీద అభిమానమూ లేదు, బ్యాడిగి మీద కోపమూ లేదు.

కారం కథ ఇంకా వింత. 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఫార్మసిస్టు కారానికి కొలత కట్టాడు. మిరప సారాన్ని పంచదార నీళ్లలో కలిపి, పలచన చేసుకుంటూ పోయి, రుచి చూసే ఐదుగురిలో ఎక్కువమంది ఇక కారం తెలియడం లేదు అనేదాకా తీసుకెళ్లాడు. ఎన్ని రెట్లు పలచన చేస్తే అది కారం అంకె. గుంటూరు సన్నానికి 35 వేల నుంచి 40 వేల దాకా చెబుతారు. అంత దర్జాగా కనిపించే అంకెకు పునాది ఐదు నాలుకలు. అందులో ఒకటి పల్నాటిదైతే లెక్క ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. ఇప్పుడు ఆ పని క్రొమటోగ్రఫీ యంత్రం చేస్తోంది. ఫలితాన్ని మాత్రం ఇప్పటికీ స్కోవిల్ అంకెల్లోకి మార్చి రాస్తారు. ఒకప్పుడు కొందరి అనుభవంగా మొదలైనది అందరూ ఒప్పుకునే కొలతగా గట్టిపడింది. అభిప్రాయానికీ నిజానికీ మధ్య గోడ ఉందనుకునేవాళ్లు ఈ దారి ఎటు నుంచి పోయిందో చూడాలి.

అరిస్టాటిల్ ‘మెటాఫిజిక్స్’లో ఒక వస్తువును పరిపూర్ణం అనడానికి మూడు అర్థాలు చెప్పాడు. ఉండాల్సిన భాగాలన్నీ ఉండటం, తన జాతిలో తనను మించింది లేకపోవడం, తన పరమార్థాన్ని చేరుకోవడం. ఉండవల్లి గుహ మొదటి పరీక్ష తప్పింది. అనంతశయనుణ్ణి చూపించి రెండోదాని మీద వాదించుకోవచ్చు. దండం పెట్టుకునే చోటు కావడమే పరమార్థమైతే మూడోది ఎప్పుడో నెగ్గింది. గుహను చూసొచ్చిన ఇద్దరూ నిజమే చెప్పారనడానికి కారణం ఇదే: చెరో పరీక్ష పెట్టారు.

మన ప్రభుత్వం ఈ గొడవలో తలదూర్చదు. పత్తికి ప్రకటించే మద్దతు ధర శ్రేష్ఠమైన పత్తికి కాదు, ఎఫ్‌ఏక్యూ పత్తికి, అంటే ఓ మోస్తరు సగటు సరుకుకు. 2025-26లో పొడవు పింజ పత్తికి క్వింటాలు 8,110 రూపాయలు. తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర, అక్కణ్ణుంచి 12 శాతం దాకా కోత, ఆపైన ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొనదు. శ్రేష్ఠత జోలికి పోకుండా పని జరిపించుకోవడంలో సర్కారుకు ఉన్న అనుభవం ఇంకెవరికుంటుంది?

నాకు అసలు పేచీ కళ్లను బట్టి అనేవాళ్లతోనే. కళ్లన్నీ ఒకే ధర పలకవన్న సంగతి వాళ్లు మరిచిపోతారు. మంచు పడకుండా రాత్రిళ్లు కల్లంలో పట్టాలు కప్పి, పొద్దున్నే తీసి, తాలు ఏరి తెచ్చిన కాయ మీద రైతుకూ ఒక దృక్పథం ఉంటుంది. యార్డులో దానికి కాటా లేదు. దేనికి మేలు అన్న ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు డబ్బు పెట్టేవాడిది. చైనా నుంచి ఆర్డర్లు బాగా వచ్చిన ఏడు తేజ రైతు తల ఎత్తుకు తిరుగుతాడు. రాని ఏడు అదే కాయ కోల్డ్ స్టోరేజీకి చేరి, ఏసీ సరుకు అనే పేరు తెచ్చుకుని, ధర కోసం ఎదురుచూస్తుంది.

పైగా కొనేవాడు ఆ జవాబు చెప్పేది పంట చేతికొచ్చాక. నారు పోసేది వానాకాలంలో. 334 రకం వెయ్యాలా, 341 వెయ్యాలా, తేజ వెయ్యాలా అన్నది అప్పుడే తేల్చుకోవాలి. ఏ రకం ఎంత దిగుబడి ఇస్తుందో, ఏ తెగులుకు తట్టుకుంటుందో గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన స్థానం చెప్పగలదు. ఫిబ్రవరిలో కొనేవాడికి ఏ కాయ ముద్దొస్తుందో చెప్పడం దాని పని కాదు. 2021 చివర్లో నల్ల తామర పురుగు తోటల మీద పడ్డప్పుడు ఈ లెక్కలన్నీ తారుమారయ్యాయి. దిగుబడి పడిపోయింది, 2022లో ధర ఎగబాకింది. ఆ సీజన్లో కాయ మిగిలిన రైతుకు, దాన్ని డీలక్స్ అన్నారా మీడియం అన్నారా అన్నదాని మీద పెద్ద పట్టింపు ఉండి ఉండదు.