ముందు పాఠం పంతులమ్మకే!

పిల్లవాడికి లెక్కలు రాకపోతే ట్రెయినింగయిన మాస్టారెవరున్నారా అని ఊరంతా వాకబు చేస్తాం. అమ్మాయికి సంగీతం చెప్పించాలంటే పంతులుగారి పాండిత్యమెంతో కనుక్కుంటాం. కాని దేవుణ్ణి గురించి చెప్పవలసి వచ్చేసరికి మాత్రం, "దానికేముంది! తీరిక ఉన్న వాళ్ళెవరైనా నాలుగు కథలు చెబితే సరి" అనుకుంటాం. ఈ పొరపాటు ఏ ఒక్క మతం వారిదీ కాదు.

క్రైస్తవ కుటుంబాల పిల్లలకు ఆదివారపు బడి ఉంటుంది. అక్కడ చెప్పేవారిలో చాలామంది జీతం బత్తెం లేకుండా, పిల్లల మీద ప్రేమకొద్దీ వచ్చే అక్కయ్యలూ అన్నయ్యలూను. వారి భక్తికి లోటేమీ లేదు. అయినా ఒక్కొక్కప్పుడు ఏమవుతుందో చూడండి. వాక్యం గడగడా అప్పజెప్పిన పిల్ల రంగుల కార్డు పుచ్చుకుని గంతులు వేస్తుంది. మధ్యలో తడబడిన పిల్లవాడు వట్టి చేతులతో, తల వంచుకుని ఇంటికి పోతాడు. ఆనాటి పాఠం, తప్పిపోయిన గొర్రె కోసం కొండలన్నీ గాలించిన కాపరిని గురించే కావచ్చు! పాఠం ఒకటి, పిల్లవాడికి అంటినది మరొకటి. లోపం పిల్లవాడిదా, చెప్పేవారిదా?

ఆదివారపు బడి పుట్టిననాడు ఈ ప్రశ్నకు చోటు లేదు. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టరు పట్టణంలో రాబర్ట్ రెయిక్స్ అనే పత్రికా సంపాదకుడు దానికి పేరు తెచ్చాడు. వారంలో ఆరు రోజులు పనిలో మగ్గి, ఆదివారం వీధుల వెంట తిరిగే పేదపిల్లలకు చదువు చెప్పడానికి ఆ ఊరి స్త్రీలనే కుదిర్చాడు. అక్షరం వస్తే చాలు, బైబిలు వాళ్ళే చదువుకుంటారన్నది నాటి ఉద్దేశం.

బడులు పెరిగాయి. చెప్పేవారికే చెప్పవలసిన అవసరమూ పెరిగింది. 1874లో అమెరికాలో, న్యూయార్కు రాష్ట్రంలోని షటాక్వా సరస్సు ఒడ్డున, జాన్ విన్సెంట్, లూయిస్ మిల్లర్ అనే ఇద్దరు కలిసి ఆదివారపు బడి ఉపాధ్యాయులకు పెద్ద శిక్షణ శిబిరం ఏర్పాటు చేశారు. అక్కడి తమాషా ఏమిటంటే, సరస్సునే మధ్యధరా సముద్రంగా భావించి, ఒడ్డున నేల మీద పాలస్తీనా దేశపు నమూనా నిర్మించారు. ఉపాధ్యాయులు ఆ కొండలూ ఊళ్ళూ నడిచి చూసి, తరువాత పిల్లలకు చెప్పేవారు. పాఠం చెప్పేవారు ముందు ఆ పాఠంలో నడవాలన్నమాట!

ఈ సంగతిని ఇంకా లోతుగా పట్టుకున్నది రోము నగరంలో ఇద్దరు స్త్రీలు. వారి కథకు ముందు మరొకరిని తలుచుకోవాలి. ఆమె మనవారికి కొత్త కాదు. మేరియా మాంటిసోరి 1939లో మద్రాసు వచ్చి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. యుద్ధం మూలంగా 1946 వరకు ఈ దేశంలోనే ఉండిపోయింది. పిల్లవాడి బదులు మనం చెయ్యకూడదు, వాడు తానై చేసుకునేందుకు సాయపడాలి అన్నది ఆమె సిద్ధాంతం. ఆమె 1952లో కన్నుమూసింది.

రెండేళ్ళ తరువాత, 1954లో, రోములో సోఫియా కవల్లెట్టి అనే హీబ్రూ విదుషీమణి వద్దకు ఏడేళ్ళ కుర్రవాడు పాఠానికి వచ్చాడు. చిన్నపిల్లలకు చెప్పిన అనుభవం ఆమెకు లేదు. బైబిలు తెరిచి సృష్టికథ చదవసాగింది. రెండు గంటలు గడిచినా కుర్రవాడికి లేవబుద్ధి కాలేదు. వాడి కళ్ళలో నీళ్ళు, ఆనందంతో వచ్చినవి! ఆమె దిగ్భ్రమ చెందింది. మాంటిసోరి పద్ధతిలో ఆరితేరిన జియన్నా గోబీతో కలిసి ఆనాడు మొదలుపెట్టిన కృషి 'మంచి కాపరి సత్యోపదేశం' అనే పేరుతో దేశదేశాలకు వ్యాపించింది.

ఇందులో ఉపాధ్యాయురాలి శిక్షణ విచిత్రంగా ఉంటుంది. ముందు ఆమె చేతులకు పని. కొయ్యతో గొర్రెలదొడ్డి, చిన్న చిన్న గొర్రెలు, కాపరి. పిల్లల ఎత్తుకు తగిన బల్లపీట, దాని మీది గిన్నె, పళ్ళెం: వీలైనంతవరకు ఇవి తన చేతులతోనే తయారు చేసుకోవాలి. బజారులో కొనుక్కుంటే తొందరగా అయిపోతుంది నిజమే. కాని గొర్రెకు రంగు వేస్తూ గంటసేపు కూర్చున్నప్పుడు ఆ ఉపమానం ముందు ఆమె మనస్సుకే ఎక్కుతుంది. ప్రతి పాఠాన్నీ తన నోటు పుస్తకంలో తానే రాసుకోవాలి.

తరువాతి శిక్షణ నాలుకకు. ఇదే కష్టం! కాపరి తన గొర్రెలను పేరుపెట్టి పిలుస్తాడని చెప్పి, బొమ్మలను కదిలించి చూపి, ఆమె ఆగిపోవాలి. "ఆ గొర్రెవు నువ్వే బాబూ" అనకూడదు. పిల్లవాడు రోజుల తరబడి, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి ఆ బొమ్మలతో మెదులుతాడు. ఏదో ఒకనాడు తానే తలెత్తి, ఆ గొర్రెలు మనుషులేనని కనిపెడతాడు. ముందే చెప్పేస్తే ఆ సంతోషం దొంగిలించినట్లే. ఆవగింజ పాఠమూ అంతే. వేలి కొనమీద ఒక్క గింజ పెట్టి చూడనిస్తారు. పోపులపెట్టెలో రోజూ చూసే గింజే, ఆ క్షణంలో అద్భుతమైపోతుంది!

మూడవది కళ్ళకు శిక్షణ. ఆరేళ్ళలోపు పిల్లలకు కావలసింది నీతిబోధ కాదనీ, తమను ప్రేమించే వాడొకడు ఉన్నాడన్న ధైర్యమనీ ఆ ఇద్దరూ గమనించారు. తప్పొప్పుల విచారణ ఆ తరువాతి వయస్సుది. పిల్లల మనస్సుకు పట్టని వస్తువు ఎంత కష్టపడి చేసినదైనా సరే తీసి పక్కన పెట్టారు. ఇక్కడ పరీక్ష పిల్లలకు కాదు, పాఠానికి! జియన్నా 2002లోను, సోఫియా 2011లోను గతించారు.

చెప్పినంత సులభం కాదు సుమండీ. గంటసేపు మాట్లాడటం ఎవరైనా నేర్చుకోవచ్చు. ఒక్క నిమిషం ఆగటానికి ఎంతో సాధన కావాలి. వారానికి ఒక్క గంట దొరికే ఆదివారపు బడిలో ఇదంతా సాగుతుందా అంటే, అంతా సాగకపోవచ్చు. కాని బహుమతి కార్డులు పక్కన పెట్టడానికి ఖర్చు లేదు. కథ ముగిశాక కాసేపు మౌనంగా కూర్చోవటానికి గొప్ప భవనం అక్కరలేదు.

వట్టి చేతులతో ఇల్లు చేరిన ఆ పిల్లవాణ్ణి మరిచిపోయారా? వాడి అక్కయ్య వచ్చే ఆదివారం వాక్యం అడగటానికి బదులు, "నీ పేరేమిటి నాన్నా?" అని దగ్గరకు పిలిస్తే, కాపరి పాఠం వాడికి సగం వచ్చినట్లే.