రొమ్మెముక మాటున ఒక బడి

మహబూబాబాదు ప్రాంతమున మిరపపంట చేతికి వచ్చినప్పుడు స్త్రీలు కల్లములలో కూర్చుండి ఎఱ్ఱని కాయలనుండి తాలుకాయలను ఏరివేయుదురు. మానవదేహమునందును అట్టి ఏరివేత యొకటి కలదు. అచట పొరపాటు జరిగినచో నష్టము ధరతో పోదు.

గుండెకు పైగా, రొమ్మెముక వెనుక థైమస్ అను గ్రంథి యున్నది. ఎముకల మూలుగలో పుట్టిన కొన్ని తెల్లకణములు ఇచటికి వచ్చి, తనదేదో పరాయిదేదో నేర్చుకొనును. గ్రంథి పేరులోని తొలి యక్షరమును బట్టియే వానిని టి కణములందురు. 1961లో లండనులో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలనుండి థైమస్‌ను తొలగించి చూచువఱకు దాని ప్రయోజనము స్పష్టముగా తెలియదు. ఆ ఎలుకలు రోగములను ఎదిరింపలేకపోయెను. పరాయి ఎలుక చర్మమును అతికించినను తిరస్కరింపలేకపోయెను.

ఈ చదువు విచిత్రమైనది. ప్రతి టి కణముపైనను గ్రాహకములుండును. వాని ఆకృతి జన్యుఖండముల యాదృచ్ఛికమైన కలయికవలన ఏర్పడును గనుక, ఏ కణము దేనిని పట్టునో ముందుగా చెప్పజాలము. అందుచేత పరీక్షలు. శరీరకణములు మాంసకృత్తుల తునకలను కొన్ని అణువులపై నిలిపి చూపుచుండును. ఆ అణువులను బొత్తిగా గుర్తింపలేని టి కణము నశించును. గుర్తించి, స్వీయమైన తునకను మఱీ గట్టిగా పట్టుకొన్నదియు సాధారణముగా నశించును. ఎచటనో క్లోమమున తయారగు ఇన్సులిన్‌ను సైతము 'ఏర్' అను జన్యువు థైమస్‌లోనే కొలదిగా తయారుచేయించి పరీక్షకు పెట్టును! నూటికి ఐదింటికి మించి ఉత్తీర్ణములు కావు. మన విశ్వవిద్యాలయములు ఇంత కఠినముగా నున్నచో కళాశాలలు మూతపడును.

అయినను కొన్ని తప్పించుకొని వెలుపలికి వచ్చును. వానిని అదుపులో నుంచు నియంత్రక టి కణములను షిమోన్ సకగూచి 1995లో గుర్తించెను. మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లతో పాటు ఆయనకు 2025లో నోబెల్ బహుమతి లభించెను.

ఆ అదుపును తప్పినప్పుడు కలుగు వ్యాధులలో బొల్లి యొకటి. చర్మమునకు రంగునిచ్చు కణములను టి కణములు శత్రువులని భ్రమించి చంపును. జనగామలోనైనను భూపాలపల్లిలోనైనను తెల్లమచ్చను చూడగానే కుష్ఠమని శంకించువారు లేకపోలేదు. తరగతిలో ఆ పిల్లవాని ప్రక్కన కూర్చుండుటకు తోటివారు జంకుదురు. ఇది అన్యాయము. కుష్ఠము సూక్ష్మజీవివలన వచ్చును, మందులతో నయమగును; దాని మచ్చలో స్పర్శ తగ్గును. బొల్లి ఎవరికిని అంటదు. వ్యాధినిర్ణయము వైద్యునిదే గాని, బొల్లిమచ్చపై దూదిపోగు సోకినను ఆ పిల్లవానికి తెలియును.