గాల్లోకి లేపొద్దు.. నేల మీద దొర్లించండి!
గోల్ఫ్‌లో చిన్న దెబ్బకే పెద్ద విలువ

వైట్‌ఫీల్డ్: రెండు దెబ్బల్లో బంతి మూడొందల గజాలు దాటుతుంది. జెండా ఇంకో ఇరవై గజాల దూరంలోనే ఊగుతూ కనిపిస్తుంది. అసలు తంటా అక్కడే మొదలవుతుంది. ఒక దెబ్బ కొడితే బంతి కాళ్ల ముందే కూలబడుతుంది. మరోటి కొడితే గ్రీన్ మీదుగా ఎగిరి అవతలి బంకర్‌లో పడుతుంది. గోల్ఫ్ కొత్తగా పట్టినవారిలో ఈ అవస్థ పడనివారు ఉండరు. దీనికి పాతకాలం నుంచీ ఒక విరుగుడు ఉంది. బంతిని గాల్లోకి లేపకుండా తక్కువ ఎత్తులో గ్రీన్ అంచు మీద వేసి, మిగతా దూరం దొర్లనివ్వడమే. దీన్నే 'బంప్ అండ్ రన్' అంటారు.

గోలీలాట తెలిస్తే చాలు

వైట్‌ఫీల్డ్ ఐటీ కంపెనీల్లో పనిచేసే తెలుగువారిలో నలభై దాటాక గోల్ఫ్ వైపు చూసేవాళ్లున్నారు. చాలామంది సాధన మైదానానికి వెళ్లగానే పెద్ద డ్రైవర్ తీసి బలంకొద్దీ బాదుతారు. రెండు నెలలు గడిచినా స్కోరు తగ్గదు. నడుం నొప్పి మాత్రం మిగులుతుంది. 'ఇది మనవల్ల అయ్యే ఆట కాదులే' అని వదిలేసేదీ అప్పుడే.

లెక్క చూస్తే విషయం తేలిపోతుంది. పార్ 72 మైదానంలో గ్రీన్ మీద పటింగ్‌కే ఒక్కో హోల్‌కు రెండు చొప్పున 36 దెబ్బలు కేటాయించి ఉంటాయి. అంటే సగం ఆట గ్రీన్ మీదే. గ్రీన్ పక్కన పడిన బంతిని హోల్ దగ్గరికి చేర్చగలిగితే ఆ రెండు కాస్తా ఒకటవుతుంది. దానికి కండబలం అక్కర్లేదు. చిన్నప్పుడు ఊళ్లో గోలీలాడినవారికి సంగతి ఇట్టే అర్థమవుతుంది. దూరంగా ఉన్న గుంతలోకి గోలీని ఎవరూ ఎగరేయరు. నేల వాలు చూసుకుని దొర్లిస్తారు. ఇదీ అంతే.

పైకి లేపే షాట్‌లో కర్రను పెద్దగా ఊపాలి. వేలెడు తేడా వచ్చినా బంతి ఎటో పోతుంది. దొర్లించే షాట్‌లో ఊపు చిన్నది, తప్పినా నష్టమూ చిన్నదే.

స్కాట్లాండ్ నుంచి మన దాకా

గోల్ఫ్ పుట్టిల్లు స్కాట్లాండ్ సముద్రతీరం. అక్కడ నేల గట్టి, గాలి జోరు. పైకి లేపిన బంతిని గాలి ఎగరేసుకుపోతుంది కాబట్టి నేలబారు దెబ్బకే అలవాటుపడ్డారు. మన దేశంలోనూ గడ్డి పెంచేందుకు నీళ్లు చాలని పాత మైదానాల్లో గ్రీన్ బదులు ఇసుకను చదును చేసి 'బ్రౌన్' అనేవారు. బెంగళూరు గోల్ఫ్ క్లబ్ 1876 నాటిది. వైట్‌ఫీల్డ్ నుంచి నగరంలోకి వెళ్లేదారిలో, పాత విమానాశ్రయం రోడ్డు పక్కన కర్ణాటక గోల్ఫ్ సంఘం మైదానం ఉంది.

అదితి అశోక్ అయిదేళ్ల వయసులో గోల్ఫ్ మొదలుపెట్టింది ఆ మైదానంలోనే. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఆమె నాలుగో స్థానంలో నిలిచారు. ఒక్క దెబ్బ తేడాతో కాంస్యం చేజారింది. దూరం కొట్టడంలో ఆమె ఆ పోటీలో అట్టడుగు వరుసలో ఉన్నారు. అయినా ప్రపంచ మేటి క్రీడాకారిణుల్ని చివరి రోజు దాకా వణికించింది గ్రీన్ చుట్టూ, గ్రీన్ మీదా ఆమె చూపిన నేర్పే.

2009లో ఇండియన్ ఓపెన్ గెలిచిన సి.మునియప్పదీ ఈ ఊరే. ఒకప్పుడు బెంగళూరులో క్యాడీగా ఇతరుల సంచులు మోశారు. గుర్గావ్‌లో జరిగిన ఆ పోటీలో కొరియాకు చెందిన లీ సంగ్‌ను ప్లేఆఫ్‌లో ఓడించి కప్పు అందుకున్నారు. డబ్బున్నోళ్ల ఆట అనుకునే గోల్ఫ్‌లో సంచి మోసిన చెయ్యి కప్పు ఎత్తింది.

ఇలా కొట్టాలి

* ఖరీదైన కర్రలు అక్కర్లేదు. సెవెన్, ఎయిట్, నైన్ ఐరన్‌లలో ఒకటి చాలు.
* పాదాలు దగ్గరగా పెట్టండి. కుడిచేతి వాటం వారైతే బంతి కుడిపాదానికి దగ్గరగా ఉండాలి.
* బరువు ఎడమకాలి మీద వేయండి. చేతులు బంతికన్నా కాస్త ముందుండాలి.
* మణికట్టు విరవొద్దు. పటర్‌తో కొట్టినట్టే భుజాలు ఊపండి.
* బంతిని లేపాలని కింద గోకొద్దు. ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి.

ఏ కర్ర తీయాలి?

ముందు బంతి ఎక్కడ పడాలో చూసుకోవాలి. గ్రీన్ లోపల ఒక అంగ దూరం మంచిది. చదునైన గ్రీన్ మీద పిచింగ్ వెడ్జ్‌తో కొడితే బంతి గాల్లో ఒక వంతు వెళ్లి నేల మీద రెండు వంతులు దొర్లుతుంది. నైన్ ఐరన్‌తో మూడు, ఎయిట్‌తో నాలుగు, సెవెన్‌తో అయిదు వంతులు. ఉదాహరణకు బంతి పడాల్సిన చోటు మూడు అంగలు, అక్కడి నుంచి హోల్ పన్నెండు అంగలు ఉందనుకోండి. పన్నెండులో మూడు నాలుగుసార్లు పోతుంది. కాబట్టి ఎయిట్ ఐరన్ తీయాలి. ఎగువకైతే ఇంకాస్త ఎక్కువ దొర్లే కర్ర, దిగువకైతే తక్కువ దొర్లే కర్ర. ఇదంతా ఉజ్జాయింపు లెక్కే. గ్రీన్ వేగాన్ని బట్టి సర్దుకోవాలి.

అన్నిచోట్లా పనికిరాదు

మధ్యలో బంకర్ ఉన్నా, బంతి గుబురు గడ్డిలో కూరుకున్నా ఈ దెబ్బ పారదు. వానలకు నేల మెత్తబడితే బంతి పడిన చోటే ఆగిపోతుంది. అప్పుడు పైకి లేపక తప్పదు. వేసవిలో నేల గట్టిపడినప్పుడు మాత్రం దీన్ని మించింది లేదు.

ఈసారి మైదానానికి వెళ్లినప్పుడు, గ్రీన్‌కు ముప్పై గజాల లోపు ఎన్ని దెబ్బలు పడుతున్నాయో విడిగా రాసుకోండి. బకెట్ బంతుల్లో సగం ఈ దెబ్బకే కేటాయించండి. పద్దెనిమిదింటిలో తొమ్మిది హోళ్ల దగ్గర ఒక్కో దెబ్బ మిగిలినా కార్డులో తొమ్మిది తగ్గినట్టే. యాభై దాటినవారికైనా, నడుం పట్టేసినవారికైనా ఇది అందే లెక్కే.